ఊరిపెద్ద, సంఘపెద్ద: దక్షిణాంధ్ర క్రైస్తవ సంఘాలలో పెద్దరికపు అధికారం, దాని హద్దులు

వ్యాససంగ్రహం: క్రైస్తవ సంఘంలో పెద్దల పదవికి ఆధారం బైబిలు. అయితే తెలుగు పల్లెల్లో ఆ పదవిని సూచించడానికి స్వీకరించిన 'పెద్ద' అనే మాట అప్పటికే ఊరిలో ఒక అధికారాన్ని మోస్తున్న మాట. వయస్సు, వంశం, తీర్పు చెప్పే హక్కు, వెలివేసే శక్తి ఆ మాటను అంటిపెట్టుకొని సంఘంలోకి వచ్చాయి. తడ పరిసరాలలో వ్యాపించిన లూథరన్, బాప్టిస్టు, రిఫార్మ్‌డ్, సహోదర సహవాస సంప్రదాయాలు ఈ రెండు పెద్దరికాలను ఎలా కలిపాయో, ఎక్కడ వేరుచేశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెద్దలకు అధికారం ఉందా లేదా అన్నదానికంటే, పెద్ద తప్పుచేసినప్పుడు విచారించేది ఎవరు అన్న ప్రశ్నే ఈ చరిత్రలో నిర్ణాయకమైనదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంఘపెద్ద, ప్రెస్బిటర్, వెలి, సంఘ క్రమశిక్షణ, దక్షిణాంధ్ర లూథరన్ సంఘం, ఆర్కాటు మిషన్, తడ.

1. ఉపోద్ఘాతం

తడ ఆంధ్రప్రదేశ్‌కు దక్షిణపు సరిహద్దు. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణాన తమిళనాడు, ఉత్తరాన సూళ్లూరుపేట. 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం ఆ రోజున ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. క్రైస్తవ మిషన్ల చరిత్ర దృష్ట్యా కూడా ఇది సరిహద్దు ప్రాంతమే. ఉత్తరాన నెల్లూరులో 1840 నుండి అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. తడకు పొరుగున ఉన్న సూళ్లూరుపేటలో 1865లో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ అడుగుపెట్టింది. పశ్చిమాన మదనపల్లె, పలమనేరు వైపు అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ విస్తరించింది. దక్షిణాన మద్రాసులో 1941లో భక్తసింగ్ 'యెహోవా షమ్మా' సహవాసాన్ని ప్రారంభించాడు.

ఈ నాలుగు సంప్రదాయాలకూ ఒకే బైబిలు ఆధారం. నాలుగింటిలోనూ 'పెద్దలు' ఉన్నారు. కాని ఆ పెద్ద చేయదగిన పని, అతనికున్న అధికారం, అతన్ని తొలగించే విధానం నాలుగు చోట్లా నాలుగు రకాలు. ఈ భేదాన్ని కేవలం వేదాంత భేదంగా చూపడం పరిపాటి. అందులో సగం వేదాంతమైతే మిగిలిన సగం ఊరు.

2. 'పెద్ద' అనే మాట

పాత నిబంధనలో పెద్దను సూచించే హీబ్రూ పదం 'జాకేన్'. గడ్డం అనే అర్థమున్న పదంతో దానికి చుట్టరికం ఉంది. గడ్డం నెరసినవాడు ఊరి గవిని దగ్గర కూర్చుని తగవు తీర్చేవాడు. మోషే భారాన్ని పంచుకోవడానికి ఎంపికైన డెబ్బదిమంది (సంఖ్యా. 11:16) అంతకుముందే ప్రజలలో పెద్దలుగా గుర్తింపు పొందినవారు. అంటే అక్కడ పెద్దరికం ముందు, నియామకం తరువాత.

కొత్త నిబంధనలోని గ్రీకు పదం 'ప్రెస్బుటెరోస్' కూడా మొదట వయస్సును తెలిపేదే. క్రమంగా అది పదవిని సూచించింది. తెలుగు అనువాదకులు ఈ రెండు అర్థాలను రెండు మాటలతో విడదీశారు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయం ఇందుకు చక్కని ఉదాహరణ. మొదటి వచనంలో ఈ పదం 'వృద్ధుడు' అయింది; పదిహేడవ వచనానికి వచ్చేసరికి 'పెద్దలు' అయింది. సందర్భాన్ని బట్టి ఈ విభజన సమంజసమే. అయితే తెలుగు పాఠకుడికి ఆ రెండూ మూలంలో ఒకే మాటన్న సంగతి కనిపించదు. రెండవ వచనంలో అదే పదం స్త్రీలింగ రూపంలో ఉంది. అది 'వృద్ధస్త్రీలు' అయింది. ఈ చివరి అంశం ప్రాధాన్యం వ్యాసం చివర తెలుస్తుంది.

మరొక పదం 'ఎపిస్కొపోస్'. దీనికి తెలుగు బైబిలు 'అధ్యక్షుడు' అని వాడింది. ఎఫెసు నుండి పౌలు పిలిపించిన 'సంఘపు పెద్దలు' (అపొ. కా. 20:17), పదకొండు వచనాల తరువాత అదే ప్రసంగంలో 'అధ్యక్షులు' (20:28) అయ్యారు. తీతు పత్రిక మొదటి అధ్యాయంలో ఐదవ, ఏడవ వచనాల మధ్య కూడా ఇదే మార్పు. తొలితరం సంఘాల్లో పెద్ద, అధ్యక్షుడు ఒక్కరేనని చెప్పేవారికి ఇవే ప్రధాన ఆధారాలు. రెండవ శతాబ్దం నుండి ఒక బిషప్పు, అతని కింద పెద్దలు, వారి కింద పరిచారకులు అనే మూడంచెల వ్యవస్థ స్థిరపడింది.

ఇక్కడ తెలుగువారికే ప్రత్యేకమైన విశేషం ఒకటుంది. ఎపిస్కొపోస్‌కు 'అధ్యక్షుడు' అనీ, డయాకొనోస్‌కు 'పరిచారకుడు' అనీ వాడిన మాటలు గ్రంథభాష నుండి వచ్చాయి. పల్లెలో వాటికి పూర్వచరిత్ర లేదు. 'పెద్ద' అలాంటిది కాదు. పెద్దమనుషులు, కులపెద్ద, పెద్దకాపు, పెద్దమాదిగ వంటి పలుకుబళ్లలో ఆ మాట శతాబ్దాలుగా నలిగింది. 'పెద్దలు కూర్చున్నారు' అంటే పంచాయితీ జరుగుతోందని ఎవరూ వివరించనక్కరలేదు. అనువాదకులు తెలిసిన మాటను ఎంచుకొన్నారు. తెలిసిన మాటతోపాటు తెలిసిన అధికారం కూడా వచ్చింది.

3. నాలుగు సంప్రదాయాలు

లూథరన్ సంప్రదాయంలో ప్రధానమైనది వాక్య పరిచర్య. 1530నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, క్రమమైన పిలుపు లేనివారు సంఘంలో బహిరంగంగా బోధించరాదని, సంస్కారాలు జరపరాదని పద్నాలుగవ అధికరణంలో నిర్దేశించింది. ఆ పిలుపు పొందినవాడు పాస్టరు. పెద్ద అతనికి సహాయకుడు. అగస్ట్ మీలియస్ నాయకత్వంలో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాల్లో వేళ్లూనిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ ఈ పద్ధతినే తెచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల జర్మన్ మిషనరీల పని ఆగిపోగా అమెరికాలోని ఒహాయో సినడ్ బాధ్యత తీసుకొంది. 1945లో ఈ సంఘాలు తిరుపతి కేంద్రంగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘంగా స్వయంపాలన పొందాయి. ఒక పాస్టరు అనేక పల్లెలు తిరగవలసిన చోట, అతను లేని రోజుల్లో సంఘాన్ని నిలిపేది పెద్దే. సిద్ధాంతంలో సహాయకుడైనవాడు ఆచరణలో నిత్యపాలకుడు కావడం ఇలా జరుగుతుంది.

రిఫార్మ్‌డ్ సంప్రదాయంలో పెద్ద స్థానం ఇంతకంటే ఎత్తు. కాల్విన్ 1541లో జెనీవాకు రూపొందించిన సంఘ నియమావళిలో పాస్టర్లు, బోధకులు, పెద్దలు, పరిచారకులు అని నాలుగు పదవులున్నాయి. పెద్దలు, పాస్టర్లు కలిసి కూర్చునే సభ కన్సిస్టరీ. గమనించదగిన విషయం, ఆ పన్నెండుమంది పెద్దలను నగరపాలక మండళ్ల సభ్యులలోనుండే ఎంపిక చేసేవారు. అంటే జెనీవాలోనూ సంఘపెద్ద ఊరిపెద్దే! ఊరి అధికారం సంఘంలోకి ప్రవహించడం తెలుగు పల్లెల లోపమని వ్రాసేవారు ఈ సంగతిని విస్మరిస్తారు.

స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషన్ ఈ పద్ధతిని డచ్చి-అమెరికన్ రూపంలో తెచ్చింది. ఇందులో సంఘస్థులు ఎన్నుకొన్న పెద్దలు నిర్ణీత కాలం పనిచేస్తారు. స్థానిక కన్సిస్టరీ నిర్ణయంపై ప్రాంతీయ సభ అయిన క్లాసిస్‌కు విన్నవించుకోవచ్చు. 1863 నుండి మదనపల్లెలో పనిచేసిన జేకబ్ చాంబర్లేన్ ఈ మిషన్‌వాడే. తెలుగు బైబిలు సవరణలో కూడా అతనికి ప్రముఖ పాత్ర ఉంది. 1908లో ఏర్పడిన దక్షిణ భారత ఐక్య సంఘం ద్వారా ఈ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఆవిర్భవించిన దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. ఆ ఐక్యతలో ఒక విచిత్రమైన పరిణామం ఉంది. కొత్త సంఘం తన అభిషిక్త గురువుకు 'ప్రెస్బిటర్' అని పేరు పెట్టింది. ప్రెస్బిటర్ అంటే పెద్ద. కొత్త నిబంధనలోని పెద్ద పేరు పాస్టరుకు పోయింది. అంతవరకు పెద్దగా ఉన్న సామాన్య విశ్వాసి పాస్టరేట్ కమిటీ సభ్యుడయ్యాడు. అయినా పల్లెలో అతన్ని పెద్ద అనే పిలుస్తారు.

బాప్టిస్టులకు స్థానిక సంఘమే సర్వాధికారి. సభ్యుల సభ పాస్టరును పిలుస్తుంది, పెద్దలను, పరిచారకులను నియమిస్తుంది. సహోదర సహవాసాలలో జీతం తీసుకొనే పాస్టరు పదవే లేదు. ఒక్కరుకాక పలువురు పెద్దలు కలిసి పాలించడం వాటి మూలసూత్రం. పౌలు, బర్నబాలు ప్రతి సంఘంలో పెద్దలను ఏర్పరచారన్న వచనంలోని (అపొ. కా. 14:23) బహువచనాన్ని వారు ఎత్తిచూపుతారు. ఆ వచనంలోనే మరొక చిక్కుంది. అక్కడి గ్రీకు క్రియకు మూలార్థం చేయి చాచడం. చేతులెత్తి ఎన్నుకోవడమా, అపొస్తలులే నియమించడమా అన్న చర్చకు ఈ ఒక్క క్రియ మీద నాలుగు శతాబ్దాలుగా వాదాలు నడిచాయి.

4. పల్లె పెద్దరికం సంఘంలోకి వచ్చిన తీరు

ఒంగోలులో జాన్ ఇ. క్లౌ అనుభవం ఈ విషయంలో కీలకమైనది. అక్కడ వ్యక్తులుగా కాక కుటుంబాలు, పల్లెలు మతం స్వీకరించాయి. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కాలువే దక్షిణాన పులికాట్ మీదుగా మద్రాసుకు సాగుతుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంత వేగంగా పెరిగిన సంఘాన్ని కొద్దిమంది మిషనరీలు, బోధకులు పాలించడం అసాధ్యం. పల్లెలో అప్పటికే ఉన్న పెద్దల వ్యవస్థను చెరిపివేయక సంఘపాలనకు వాడుకోవడమే మార్గమని క్లౌ భావించాడు. అతని మరణానంతరం 1914లో వెలువడిన ఆత్మకథలో ఈ ఆలోచన ప్రధానాంశం.

దీన్ని రెండు విధాలుగా విలువకట్టవచ్చు. అంటరానితనం వల్ల ఊరి సభలో నోరెత్తలేనివారికి తమ సభ, తమ పెద్దలు, తమ నిర్ణయం దక్కాయి. హాజరు పట్టిక వ్రాయడం, కానుక లెక్కించడం, వర్తమానం చదివి వినిపించడం వంటి పనులు అక్షరాస్యతను గౌరవంగా మార్చాయి. ఇది చిన్న లాభం కాదు. మరోవైపు, పల్లెలో ఒక ఇంటిపేరువారికి చెందిన పెద్దరికం సంఘంలోనూ ఆ ఇంటికే దక్కే అవకాశం ఏర్పడింది. తండ్రి తరువాత కొడుకు పెద్ద కావడానికి కొత్త నిబంధనలో ఆధారం లేదు. అక్కడ చెప్పిన అర్హతలు (1 తిమోతి 3:1–7, తీతు 1:5–9) దాదాపు అన్నీ నడవడికి సంబంధించినవి: మితం, ఆతిథ్యం, ధనాపేక్ష లేకపోవడం, జగడమాడకపోవడం. సామర్థ్యానికి సంబంధించినది బోధించగలగడం ఒక్కటే. వంశం, భూమి, వయస్సు ఆ పట్టికలో లేవు.

5. వెలి

ఊరిపెద్దకు, సంఘపెద్దకు మధ్య తేడా అసలు బయటపడేది శిక్ష దగ్గర. కులపంచాయితీ చేతిలోని చివరి ఆయుధం వెలి. నీరు, నిప్పు, పెళ్లి, చావు అన్నింటి నుండి ఒక ఇంటిని దూరం చేయడం దాని స్వరూపం. సంఘ బహిష్కారాన్ని చెప్పడానికి కూడా తెలుగు బైబిలు 'వెలివేయు' అనే క్రియనే వాడింది. మాట ఒకటే కావడం వల్ల ప్రక్రియ కూడా ఒకటే అనిపిస్తుంది. కాదు.

మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయం (18:15–17) చూపే క్రమంలో మూడు మెట్లున్నాయి. మొదట తప్పు జరిగిన వ్యక్తి తప్పు చేసినవానితో ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఈ క్రమం మొత్తంలో పెద్దల ప్రస్తావన లేదు! తుది నిర్ణయం సంఘానిది. కొరింథు సంఘంలోని వ్యభిచార వివాదంలోనూ పౌలు అందరూ కూడియున్నప్పుడు తీర్మానించమన్నాడు (1 కొరింథీ. 5:4). రెండవ పత్రికలో శిక్ష ఎక్కువమంది చేత కలిగిందని, అది చాలునని, ఇక అతన్ని క్షమించి ఆదరించమని వ్రాశాడు (2:6–8). పల్లె వెలిలో తిరిగి చేర్చుకోవడానికి తప్పు డబ్బు, విందు ఉంటాయి. ఇక్కడ పశ్చాత్తాపం, ఆదరణ ఉన్నాయి. పల్లె వెలి ఇంటికి పడుతుంది. సంఘ క్రమశిక్షణ వ్యక్తికి. తండ్రి తప్పుకు కూతురి పెళ్లి ప్రకటన ఆపిన చోట, పేరు సంఘానిదైనా పద్ధతి పంచాయితీదే.

పెద్దమీదనే ఆరోపణ వస్తే? తిమోతి పత్రిక దీనికి నేరుగా సమాధానమిస్తుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద దోషారోపణ అంగీకరించరాదు (5:19). ఈ వచనాన్ని పెద్దలకు రక్షణ కవచంగా ఉటంకించడం తరచుగా వినబడుతుంది. దాని వెనువెంటనే ఉన్న వచనం మాత్రం అంతగా వినబడదు: తప్పు చేసినవారిని అందరి ఎదుట గద్దించాలని అది చెబుతుంది (5:20). సందర్భాన్ని బట్టి ఆ 'తప్పు చేసినవారు' పెద్దలే. సామాన్య సభ్యుని విషయంలో మొదటి మెట్టు ఏకాంతం. పెద్ద విషయంలో గద్దింపు బహిరంగం. హోదాతోపాటు జవాబుదారీ పెరిగిందే కాని తరగలేదు.

దియొత్రెఫే ఉదంతం (3 యోహాను 9–10) అధికార దుర్వినియోగానికి కొత్త నిబంధనలోని అత్యంత స్పష్టమైన ఉదాహరణ. అతడు ప్రధానత్వాన్ని కోరుకొన్నాడు, ప్రయాణిస్తున్న సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకొనేవారిని సంఘం నుండి వెలివేశాడు. అతన్ని ప్రశ్నించిన రచయిత తన్ను తాను 'పెద్ద' అనే పరిచయం చేసుకొన్నాడు. పేతురు కూడా పెద్దలను హెచ్చరిస్తున్నప్పుడు తనను 'తోటిపెద్ద'గానే చెప్పుకొన్నాడు (1 పేతురు 5:1). పెద్దను విచారించగలిగేది మరొక పెద్దే అన్న సూత్రానికి ఈ రెండు చోట్ల బలం ఉంది. ఒకే పెద్ద ఉన్న సంఘంలో ఆ మరొక పెద్ద దొరకడు.

క్లాసిస్, సినడ్, డయోసిస్ వంటి పైస్థాయి సభల ప్రయోజనం ఇక్కడే కనిపిస్తుంది. స్థానిక స్వాతంత్ర్యాన్ని గౌరవించే బాప్టిస్టు, సహోదర సంప్రదాయాల్లో విన్నపానికి పై మెట్టు బలహీనం. అయితే పైమెట్టు ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందనలేం. పైసభలో కూర్చునేవారూ అదే బంధువర్గంవారైతే విన్నపం వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

6. లెక్కలు, ఆస్తి, న్యాయస్థానం

పెద్ద రోజువారీ పని చాలావరకు ధనంతోనూ రోగులతోనూ ముడిపడి ఉంటుంది. యాకోబు పత్రిక రోగి పిలవవలసినది పెద్దలనే అంటుంది (5:14). పరామర్శ విషయంలో తగాదాలు అరుదు. తగాదాలన్నీ కానుక పెట్టె, మందిరపు స్థలం, శ్మశానం చుట్టూ తిరుగుతాయి. కానుకను ఒక్కరే లెక్కించకపోవడం, లెక్కను సభ్యుల ఎదుట చదవడం వంటి చిన్న ఏర్పాట్లు ఎన్ని ప్రసంగాలకూ సాధ్యంకాని పనిని చేస్తాయి.

మిషన్లు వెళ్లిపోయాక ఆస్తులు ట్రస్టు సంఘాలకు, రిజిస్టరైన సొసైటీలకు చేరాయి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘంలో పెద్ద అంటే ఆధ్యాత్మిక పదవి మాత్రమే కాదు, చట్టం ముందు జవాబు చెప్పవలసిన కార్యవర్గ సభ్యత్వం కూడా. సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదవ సెక్షను ప్రకారం మతసంబంధమైన పదవిపై, ఆస్తిపై హక్కు వివాదం సివిల్ న్యాయస్థానం పరిధిలోకి వస్తుంది. మలంకర సంఘ వివాదంలో 1995లో సుప్రీంకోర్టు ఈ సంగతిని ధ్రువీకరించింది. బహిష్కారం మాట వేరు. దావూదీ బోహ్రా కేసులో 1962లో సుప్రీంకోర్టు 1949నాటి బొంబాయి బహిష్కార నిరోధక చట్టాన్ని కొట్టివేస్తూ, మతశాఖ తన వ్యవహారాలను నిర్వహించుకొనే హక్కులో దాన్ని చేర్చింది. ఆ తీర్పు పునఃపరిశీలనను 2023లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు. కాబట్టి ఆస్తి విషయంలో పెద్ద నిర్ణయాన్ని ప్రశ్నించడానికి బయట ఒక తలుపుంది. సభ్యత్వం విషయంలో ఆ తలుపు ఇరుకు. సంఘ నియమావళిలోనే విచారణ క్రమం, విన్నపం, పదవీకాలం స్పష్టంగా వ్రాసుకోవలసిన అవసరం అందువల్లనే.

7. స్త్రీలు, కొత్త సంఘాలు

ప్రెస్బుటెరోస్ స్త్రీలింగ రూపం 'వృద్ధస్త్రీలు'గా మారిన సంగతి పైన చూశాం. సందర్భం వయస్సునే సూచిస్తోందన్నది నిజం. అయితే పల్లె సంఘాల్లో ప్రార్థనకూటాలు నడిపేవారు, రోగుల ఇళ్లకు వెళ్లేవారు, బియ్యపు పిడికిలి కానుక పోగుచేసేవారు అధికంగా స్త్రీలు. పెద్ద పని చేస్తూ పెద్ద పేరు లేనివారు వీరు. దక్షిణ ఇండియా సంఘం 1976 నుండి స్త్రీలకు ప్రెస్బిటర్లుగా అభిషేకమిస్తోంది. 2013లో రాయలసీమలోనే, నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు అయ్యారు. బిషప్పు స్థాయికి తెరిచిన తలుపు పల్లె పెద్దల చాపమీదికి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. పైస్థాయి పదవిని సినడ్ తీర్మానం మార్చగలదు. చాపను మార్చవలసింది పల్లె.

తడ, సత్యవేడు మండలాల పరిసరాల్లో శ్రీసిటీ పారిశ్రామిక వాడ వచ్చాక మరొక రకపు సమస్య ముందుకొచ్చింది. అద్దె గదుల్లో ఉంటూ షిఫ్టుల ప్రకారం పనిచేసే యువతీయువకులు చేరే కూటాలకు పాత పల్లె సంఘానికున్న బంధుత్వం లేదు. వంశపారంపర్య పెద్దరికం అక్కడ పుట్టే వీలు లేదు. ఆ మేరకు మేలే. కాని పెద్దలే లేకుండా స్థాపకుడైన పాస్టరు ఒక్కడే కానుకకు, స్థలానికి, క్రమశిక్షణకు బాధ్యుడయ్యే అవకాశమూ అక్కడే ఎక్కువ. పెద్ద కొత్తగా చేరినవాడై ఉండకూడదని, బయటివారి చేత కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని తిమోతి పత్రిక విధిస్తుంది (3:6–7). అందరూ కొత్తగా చేరినవారే అయిన కూటంలో మొదటి నియమాన్ని ఎలా అన్వయించాలి? ఏడాదికొకసారి గది మారే మనిషి గురించి సాక్ష్యం చెప్పగల బయటివారు ఎవరు? ఊరిపెద్దరికం నుండి విడివడిన సంఘపెద్దను ఎంపిక చేసుకొనే తొలి అవకాశం ఈ కూటాలకు వచ్చింది. ఆ పెద్దను ఎరిగిన ఊరు మాత్రం వారి వెంట లేదు.